గిరీశ్ సారు చెయ్యి

జహీరాబాద్ బస్టాండ్ నుంచి కూరగాయల మార్కెట్‌కు పోయే దారిలో గోడ వారగా కూర్చుని ఆకుకూరలు అమ్ముకునే ఆడవాళ్లకు దేవుడి మీద ఎంత నమ్మకముందో చెప్పలేం గానీ, గిరీశ్ సారు చేతి మీద మాత్రం రవ్వంత అనుమానం లేదు. ఆయన కాలేజీలో లెక్కలు చెబుతాడు. పోయిన శ్రావణంలో ఒకనాడు పొద్దున్నే వచ్చి మహాదేవమ్మ దగ్గర పుదీనా కట్ట కొని బోణీ చేశాడు. ఆయన మలుపు తిరిగాడో లేదో, ఫంక్షన్ హాలు వంటమనిషి వచ్చి గంప గంపంతా ఎత్తుకుపోయాడు. ఆ పెళ్లి ఎప్పుడో కుదిరిందనీ, వంటమనిషి ఎలాగూ వచ్చేవాడేననీ ఎవరికీ తట్టలేదు. తట్టినా పట్టించుకునేవాళ్లు కారు.

మర్నాడు బస్వమ్మ కూడా సారు చేతే బోణీ చేయించుకుంది. ఆ తర్వాత వరుస వరుసంతా. సారు మహా మొహమాటస్తుడు. వెనక బెంచీ పిల్లల్నే నోరెత్తి అదిలించలేని మనిషి, మహాదేవమ్మను కాదంటాడా? రోజూ ఒక్కొక్కరి దగ్గర ఒక్కో కట్ట కొని, రెండు చంకలా పట్టక గడ్డానికి నొక్కిపెట్టుకుని పోయేవాడు. సారు రానిదే గంపల మీద తడిగుడ్డ తీయకూడదని మహాదేవమ్మ కట్టుబాటు పెట్టింది. వరుసలో మొదటి చోటు ఆమెది. కొత్తవాళ్లకు చోటిచ్చేదీ ఆమే. కాబట్టి అక్కడ ఆమె మాటే మాట.

వరుస చివర, మురికికాలువ పక్కన కూర్చునే భాగీరథికి ఆ చోటు దొరికి ఎన్నాళ్లో కాలేదు. ఝరాసంగం దగ్గరి పల్లె నుంచి షేర్ ఆటోలో గంప వేసుకుని వస్తుంది. ఒక రోజు మాత్రం ఒకటి కాదు, మూడు గంపలు తెచ్చింది. బోరు నీళ్లు సన్నబడి ఇక తడి అందదని తెలిసి, మడిలో ఉన్న పాలకూర, మెంతికూర, పుంటికూర అన్నీ కోసేసింది. ఇవాళ అమ్ముడుపోయిందా సరే, లేదంటే ఆ కష్టమంతా సాయంత్రానికి మేకల పాలు.

ఆ రోజే సారు రాలేదు.

గిరాకీ మాత్రం వచ్చింది. ఎన్నడూ లేనంత వచ్చింది.

"రెండు కట్టల పాలకూర ఇయ్యమ్మా," అని ఒకాయన వంగాడు.

"జర ఆగుండ్రి, ఇంక బోణీ కాలే," అంది బస్వమ్మ.

"నేను చేస్త గదా బోణీ."

"మీరు చేస్తే ఎట్ల? సారు రావాలె."

అమ్మకానికి కూర్చుని అమ్మబోమనే ఆడవాళ్లను ఆయన అంతకుముందు చూసి ఉండడు. ఇదేదో సమ్మె అనుకుని, ఫోను తీసి ఒక ఫొటో కొట్టుకుని వెళ్లిపోయాడు. ఆ సారెవరో చూసే పోదామని ఇద్దరు ముసలమ్మలు మాత్రం పక్క దుకాణం మెట్ల మీద చతికిలబడ్డారు. ఇంతలో ఆకుకూరల ట్రాలీ ఆటో ఒకటి మైకు మోగించుకుంటూ వచ్చి రోడ్డుకు అటువైపు ఆగింది. దాన్ని నడిపేవాడికి ఏ చేతి పట్టింపూ లేదు. చూస్తుండగానే వీళ్ల గిరాకీ అంతా రోడ్డు దాటింది.

ఎండ గోడ దిగి గంపల మీదికి వచ్చింది. భాగీరథి తడిగుడ్డ కొస ఎత్తి చూసింది. మెంతికూర అప్పుడే తల వాల్చేసింది. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

"పెద్దమ్మా, ఇగ నేను అమ్ముకుంట," అంది.

"అమ్ముకో బిడ్డా. రేపటి సంది ఇంకో జాగ చూసుకో," అంది మహాదేవమ్మ, కోపమేమీ లేకుండానే.

"గట్లయితే సారును నేనే పట్టుకొస్త."

దారిలో వాళ్లనూ వీళ్లనూ అడుగుతూ పోయి రైల్వే గేటు అవతల సారు ఇల్లు పట్టుకుంది. ఆయన భార్య కావ్య తలుపు తీసింది.

"బోణీకి సారు రాలేదు మేడం..."

"ఓహో, శ్రావణం సంది మా ఇంటికి మోపులు పంపుతున్నది మీరేనా?" అంది కావ్య. "లోపలికి రా. చూడు మీ సారును."

సారు నడుము కింద వేడినీళ్ల సంచి పెట్టుకుని మంచం మీద మూలుగుతున్నాడు.

"కిడ్నీల రాళ్లంట. పాలకూర ముట్టొద్దన్నడు డాక్టర్," అంది కావ్య. "మంచి చెయ్యంట, మంచి చెయ్యి. ఈ చేత్తోని ఇంట్ల బల్బు పెడితే సాయంత్రానికి మాడిపోతది."

ఆమె వంటింట్లోకి పోగానే సారు తల ఎత్తాడు. "రానని మాత్రం చెప్పకమ్మా, ఆ మహాదేవమ్మ ఇంటికే వస్తది. ఏదన్న చెప్పు నీకు పుణ్యముంటది."

ఏదన్న అంటే ఏం చెప్పాలి? వస్తాడంటే వరుసంతా చీకటిపడేదాకా కూర్చుంటుంది. ఇక రాడంటే సంతాపం పాటించి అసలే అమ్మదు. గేటు దాటేసరికి భాగీరథికి అబద్ధం ఒకటి అమరింది.

"సారుకు పానం బాలేదు పెద్దమ్మా," అంది వచ్చీ రాగానే. "మేడం లేవనియ్యలే. 'నా చెయ్యి నీకిస్తున్న, నువ్వే పోయి అందరికి బోణీ చెయ్యి' అని నా చేతుల చెయ్యేసి పంపిండు."

మహాదేవమ్మ ఆ చేతిని పట్టుకుని, పుచ్చువంకాయ ఏరినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏ చేతుల ఏసిండు?"

"కుడిచేతుల."

"సరే," అని మహాదేవమ్మ తడిగుడ్డ తీసింది.

భాగీరథి అందరి దగ్గరా ఒక్కో కట్ట కొంది. చివరికి తన గంప దగ్గరికొచ్చి, రొంటిలోంచి పది నోటు తీసి తన గోనెపట్టా కిందే పెట్టుకుని, తన పుంటికూర తనే కొనుక్కుంది. మెట్ల మీది ముసలమ్మలు ఇదంతా కళ్లారా చూశారు. అంత మహిమ గల చేతి నుంచి తలా నాలుగు కట్టలు తీసుకుని, దారిపొడవునా కనబడ్డవాళ్లకల్లా చెప్పుకుంటూ పోయారు. సరుకు అయిపోయి ట్రాలీవాడు న్యాల్‌కల్ దారి పట్టేసరికి, జనం ఇటు విరగబడ్డారు. వాడిన మెంతికూరతో సహా మూడు గంపలూ ఖాళీ. భాగీరథి ఆటోలో కూర్చుని ఊరొచ్చేదాకా తనలో తనే నవ్వుకుంది.

ఆ నవ్వు ఒక్క రోజే. మర్నాడు ఆమె ఆటో దిగేసరికి వరుసంతా గుడ్డలు తీయకుండా ఆమె కోసమే కూర్చుని ఉంది. ఆ మర్నాడూ అంతే. కాలువ పక్క నుంచి తెచ్చి ఆమెకు మహాదేవమ్మ పక్కనే చోటిచ్చారు. మడి ఎండిపోయాక పక్క రైతు దగ్గర సరుకు ఎత్తి తెచ్చి అమ్ముకుంటోంది గానీ, రోజూ అందరి దగ్గరా కొనక తప్పడం లేదు. సాయంత్రం ఆమె గంపలోకి చూసి అత్త అనంతమ్మ, "అమ్మనీకి పోతున్నవా, కొననీకి పోతున్నవా?" అనడం మొదలుపెట్టింది. రోడ్డు మీద ఎదురైతే గిరీశ్ సారు మాత్రం దూరం నుంచే రెండు చేతులూ జోడిస్తున్నాడు.

ఇక లాభం లేదని ఒక పొద్దున భాగీరథి మహాదేవమ్మ చెవిలో నిజం చెప్పేసింది.

"పెద్దమ్మా, సారు నాకు చెయ్యి ఇయ్యలే. నేనే అబద్ధమాడిన."

"నాకెరుకలేదా బిడ్డా? చెయ్యి ఎవరన్న ఇస్తరా?" అంది మహాదేవమ్మ, కొత్తిమీర కట్ట నీళ్లు దులుపుతూ. "గా చెయ్యి నీదే. పట్టు, బోణీ చెయ్యి."