గోడ గట్టిదో కాదో చెప్పిన గొట్టం

నేను ఒక జానెడు ఇనుప గొట్టాన్ని. బాలానగర్‌లో లేతు మిషన్ మీద పుట్టినప్పుడు ఏ మంచానికో కాలునవుతాననుకున్నాను. భూమి లోపల గోడ కట్టేవాళ్ల చేతిలో పడ్డాను.

భూమి లోపల గోడేమిటని నవ్వకండి. ఎర్రమట్టిగూడెం పక్కన మూతపడ్డ ఓ ఫ్యాక్టరీ తన విషపు నీళ్లను గుంటలో వదిలేసి పోయింది. అవి నేల కిందుగా ఊరి బోర్లలోకి చేరుతున్నాయి. అడ్డంగా లోతైన కందకం తవ్వి, మట్టీ బంకమన్నూ కలిపి నింపుతున్నారు. ఆ మట్టిని నాలో కూరి, పైనుంచి నీళ్లను ఒత్తిడితో పంపి, అడుగున ఎంత కారుతుందో చూస్తారు. తక్కువ కారితే గోడ గట్టిదన్నమాట.

మేస్త్రీ ఎల్లేశానిది ఆ ఊరే. అతని బోరు నీళ్లు అప్పటికే పసుపు తిరిగాయి. భార్య వంటకు కూడా పక్క ఊరినుంచి బిందెలు మోసేది. అయినా పరీక్షకు పోయే మట్టి అనగానే అతను రాళ్లు ఏరేసి, బంకమన్ను ఇంకో దోసెడు వేసి, పెళ్లి లడ్డూలా పిసికి నాలో పెట్టేవాడు. ఎనిమిదిసార్లు ఫస్టు క్లాసులో పాసయ్యాను. సిగ్గులేకుండా మురిసిపోయాను కూడా.

తొమ్మిదోసారి ఇంజినీరు సంయుక్త చూసేసింది.

"రాళ్లెందుకు ఏరుతున్నవ్ అన్నా?"

"పరీక్షకు పోయేది గదా మేడం. సుట్టాలొస్తే మంచి బియ్యమే వండుతం గద."

"మరి కందకంల ఏరినవా?"

ఎల్లేశం చేతులు ఆగిపోయాయి. అతనిలో మోసం లేదు, ఉన్నదంతా మర్యాదే. నీళ్లకు ఆ మర్యాద తెలియదు కదా. పాత ఫలితాలన్నీ కొట్టేసి, కందకంలోంచే మట్టి తీయడం మొదలుపెట్టారు.

అలా తీసినవన్నీ నెగ్గాయి. చివరిది తీయడానికి సంయుక్త ఒకచోట గుర్తు పెడితే ఎల్లేశం అడ్డుపడ్డాడు.

"ఆడ కాదు మేడం, గీడ తియ్యుండ్రి. గీడ నింపిన దినం వాన పడ్డది, మట్టి సరిగ కలువలే. కట్టింది నేనే, నాకెర్క."

మర్నాటికి నా అడుగున నీళ్లు ధార కట్టాయి. నేను ఫెయిలయ్యాను. అంత గర్వం నాకు మళ్లీ కలగలేదు. ఇరవై అడుగుల గోడ తవ్వి మళ్లీ నింపారు. ఆ కొత్త మట్టితో వారం రోజులు కూర్చున్నా చుక్క రాలడం గగనమైంది.

ఇప్పుడు ల్యాబు అలమరలో ఉంటున్నాను. మూడేళ్లకు నిన్న ఎల్లేశం సీసాతో బోరు నీళ్లు తెచ్చాడు. పసుపు పోయింది, అడుగున కాస్త ఇసుక ఉంది. తాగొచ్చో లేదో తేల్చే పరీక్ష నాది కాదు. సంయుక్త సీసాను వెలుగుకు ఎత్తి చూసింది.

"వడపొయ్యలే మేడం," అన్నాడు ఎల్లేశం. "ఎట్లొచ్చినయో గట్లనే తెచ్చిన."