మూడో పిలుపు

మా ఇంట్ల ఒక పద్ధతుండె. పొద్దుగూకినంక బయట్నుంచి ఎవరన్న పేరువెట్టి పిలిస్తే మూడోసారి దాక పలకొద్దు. పిలిచింది మనిషో, ఇంకేదో తెల్వదంట. చర్చికి పోవట్టి ఎన్నేండ్లాయెనో గాని, మా అమ్మ లచ్చమ్మ ఈ ఒక్కటి మాత్రం ఇడ్వలే.

మా తమ్ముడు దానియేలు పదో తరగతిల ఉన్నప్పుడు, "ఎవరో నన్ను పిలుస్తున్నరే" అని అమ్మకు చెప్పిండు. "పలకకు కొడుకా, ఎవ్వరికీ చెప్పకు" అన్నది. మాట ఇనేటోడు గద! పలకలే, చెప్పలే. లోపల్లోపల్నే ఇనుకుంట కూసున్నడు. మాకు ఎరుకయ్యేటాల్లకు చదువు పాయె, నవ్వు పాయె. డాక్టరిచ్చిన గోలీలతోని నిమ్మలమైండు గాని, ఇప్పటికీ మూడుసార్లు పిలిస్తేనే పలుకుతడు.

అంతకుముందు వాడెట్లుండె! మాణికేశ్వర్ నగర్ గల్లీలకెళ్ళి యూనివర్సిటీ క్యాంపస్‌లకు ఒక్కటే సైకిల్ మీద పోయేటోళ్ళం. వాడు తొక్కేది, నేను ముందట రాడ్డు మీద. సీతాఫలాలు తెంపుకొని ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూసొని తినేది. గింజ ఎవరిది దూరం వడ్తదో పందెం. వాచ్‌మెన్ ఉరికిస్తే నవ్వుకుంటనే ఉరికేటోడు. ఆ నవ్వు యాదికొస్తే నాకిప్పటికీ పానం ఉసూరుమంటది.

గిప్పుడు నా బిడ్డ షారోను తొమ్మిదో తరగతి. మొన్న అన్నం తినుకుంట, "అమ్మా, క్లాసుల ఎవరో నన్ను పిలుస్తున్నరు, తిరిగి చూస్తే ఎవ్వరు లేరు" అన్నది. మూలకు కూసున్న అమ్మ, "పలకకు బిడ్డా..." అని షురూ చేసింది.

"నోర్ముయ్యవే అమ్మా! ఒకన్ని మింగింది సాలదా నీ మూడో పిలుపు?" అని ఒర్రిన. ముసల్ది బిత్తరపోయింది.

తెల్లారి షారోనును క్యాంపస్‌ల వైదేహి మేడమ్ దగ్గరికి తోల్కపోయిన. ఆమె పిల్లల మెదడు మీద పరిశోధన చేస్తది. తార్నాకల స్కానింగ్ తీపిచ్చి, అది చూసి చెప్పింది.

"మెదడులో ఒక భాగానికీ ఇంకో భాగానికీ దారులుంటాయి సుజాతగారూ. ఈ వయసులో అవి ఇంకా ఏర్పడుతూనే ఉంటాయి. కొందరిలో ఆ కలయిక కాస్త తేడాగా ఉంటుంది. అంతమాత్రాన జబ్బు వస్తుందని కాదు. ఒక్క స్కాన్ చూసి ఎవరూ చెప్పలేరు కూడా. పిల్ల సరిగ్గా నిద్రపోయేలా చూడండి, నెలనెలా తీసుకురండి. ముఖ్యంగా, వినిపించినప్పుడల్లా మీతో చెప్పాలి."

గాడనే వచ్చింది గండం. నేను ఒర్రిన కాడ్నుంచి పిల్ల నోరు ఇప్పుతలే. ఏమడిగినా "ఏం లేదమ్మా" అంటది. దాని మామ లెక్కనే అయితదేమోనని నాకు ఒకటే భయం.

ఐతారం దానియేలు తనంతట తనే, "నడువుండ్రి, సీతాఫలాలు తిందాం" అన్నడు. అవే మెట్ల మీద కూసున్నం. తినుకుంట తినుకుంట వాడు తలకాయ పక్కకు వంచిండు.

"అక్కా, ఇప్పుడు నన్నెవరో పిలిచిండ్రు. నువ్విన్నవా?"

"లేదురా, నేనినలే."

"అట్లనా? అయితే నాకొక్కనికే" అని గింజ ఉమ్మిండు.

షారోను వాని దిక్కే చూసింది. తనూ ఒక గింజ ఉమ్మి, "మామా, నాకు గూడ. పొద్దున" అన్నది.

"ఏమన్నరు?"

"ఉత్త పేరే."

"నేను చెప్పకుంట మస్తు ఆగమైన బిడ్డా. నువ్వు చెప్పు."

నాకు ఏడ్పాగలే. అది నా భుజం మీద తలవెట్టి అన్నీ చెప్పింది.

ఇల్లు చేరేటాల్లకు పొద్దుగూకింది. గల్లీ మొదట్లనే పిలుపు ఇనవడ్డది: "దానియేలూ!"

వాడు ఆగి షారోను దిక్కు చూసిండు. "ఇది నువ్విన్నవా?"

"ఇన్న మామా. అమ్మమ్మే."

"ఓ... వస్తున్ననే అమ్మా!" అన్నడు వాడు, మొదటి పిలుపుకే.