లంక మంత్రులకు ఓళిగలు

సంజీవప్ప ఓళిగలకు పూర్ణం ముద్దను కణకం పిండిలో పెట్టి మూసి, నూనె రాసిన అరటాకు మీద వేళ్లతో తడుతున్నాడు. పెనుకొండ గెస్ట్‌హౌస్ వంటింట్లో పొయ్యి తెల్లవారకముందే వెలిగింది. పొట్టి మనిషి. ఆవిరి తగిలి తగిలి కనురెప్పల వెంట్రుకలు రాలిపోయాయి. మెడ చుట్టూ ఉన్న తువ్వాలు ఒకప్పుడు ఏ రంగుదో అతనికే గుర్తులేదు. ఎవరైనా పిలిస్తే ముందు చేతులు తుడుచుకుని, ఆ తర్వాత "సార్" అంటాడు. ఎవరూ పిలవకపోయినా అప్పుడప్పుడూ అంటాడు. అలవాటైపోయింది.

ఈరోజు శ్రీలంకలోని ఏదో ప్రావిన్సు నుంచి మంత్రులు వస్తున్నారు. వాళ్లను పిలిచింది ఢిల్లీ కాదు, మన రాష్ట్రంలోని ఒక మంత్రిగారు. పొరుగు దేశంతో స్నేహానికి ఢిల్లీ దాకా పోవాలా, పక్కింటివాడితో మనమే మాట్లాడుకోలేమా అని ఆయన ఒక సభలో అన్నాడు. చప్పట్లు పడ్డాయి. చప్పట్లు పడిన మాటను వెనక్కి తీసుకోవడం మన నాయకుల ఇంటా వంటా లేదు. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ చూపించి, లేపాక్షిలో ఫొటోలు దించి, ధర్మవరం పట్టు శాలువాలు కప్పి పంపాలని నిర్ణయమైంది. ఊరంతా ఫ్లెక్సీలు కట్టాక, అనుమతి ఇమ్మని ఢిల్లీకి రాశారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఊళ్లో ఆహ్వాన సంఘానికి పెద్ద సురేంద్ర. ఇస్త్రీ నలగని తెల్లబట్టల్లో వంటింటి గడప మీద నిలబడి విదేశాంగ విధానం చెబుతున్నాడు.

"వాళ్లు బుద్ధుని మనుషులప్పా. ఎర్రగడ్డ, తెల్లగడ్డ తగలగూడదు."

"అట్లే సార్."

తరిగిన ఉల్లి, ఒలిచిన వెల్లుల్లి అన్నీ పక్కకు పోయాయి. కాసేపటికి మళ్లీ వచ్చాడు. "సముద్రం నడుమ ఉండేటోళ్లంట. చేప లేకుంటే ముద్ద దిగదంట. హిందూపురానికి మనిషిని పంపినా. పులుసు పెట్టు."

"ఎర్రగడ్డ లేకుండానా సార్?"

సురేంద్ర ఆలోచించాడు. రెండు దేశాల సంబంధాలు కాసేపు ఆ బాణలి మీద వేలాడాయి. "వేసుకో. ఎవురికీ చెప్పాకు," అన్నాడు.

అప్పుడే ధర్మవరం నుంచి ఫోను వచ్చింది. అక్క కొండమ్మ పక్కింట్లో ఉండే రాణి.

"మామా, పెద్దమ్మ ఈ పొద్దు తెలివిగా ఉండాది. నీ చేతి ఓళిగ ఒగటి తినల్లంటాంది. అడిగిందల్లా పెట్టమని డాక్టరు చెప్పె గదా. వస్తావా?"

"మధ్యాన్నానికంతా వస్తా అని చెప్పు పాపా."

కొండమ్మ అతనికి అక్క అన్నమాటే గానీ, తల్లి. అమ్మ పోయేనాటికి వీడికి పాలపండ్లు ఊడలేదు. చంకన వేసుకుని పోయి మగ్గాల వాళ్ల ఇళ్లల్లో పట్టు కండెలు చుట్టింది. మొగుడొకడు వచ్చాడు, తమ్ముడినైనా వదులు, నన్నైనా వదులు అన్నాడు. మొగుణ్నే వదిలింది. ఓళిగ అంచు చిరగకుండా తట్టడం వీడికి నేర్పింది ఆమే. వారం రోజులుగా నీళ్లు తప్ప ఏమీ ముట్టని మనిషి ఇప్పుడు నోరు తెరిచి అడిగింది.

సంజీవప్ప చేతులు తుడుచుకుని సురేంద్ర దగ్గరికి పోయాడు.

"సార్, మా యక్కకు బాగలేదు. పొయ్యొస్తా సార్. సాయంత్రం లోపల..."

"ఏమబ్బా, ఫారిన్ మంత్రులు వస్తాంటే లీవా? రాష్ట్రం పరువేం గావల్ల?"

"అట్లే సార్."

రాష్ట్రం పరువు ఒక వంటవాడి మీద ఆధారపడుతుందని అప్పటిదాకా ఎవరూ అతనికి చెప్పలేదు. చెప్పినవాడు దానికి జీతం పెంచలేదు. అతిథుల ముందు ఫోన్లు మోగకూడదని చెప్పి, వంటింట్లో అందరి ఫోన్లూ ఆపించి పోయాడు.

ధర్మవరం బస్సు గెస్ట్‌హౌస్ గేటు ముందే ఆగుతుంది. ఇక్కడి వాళ్లు క్యారియర్లు, మందులు, మల్లెపూలు అన్నీ కండక్టరు చేతికే ఇచ్చి పంపుతారు. కండక్టరు సుంకన్న బస్సు దిగి నీళ్ల కోసం వంటింటి వెనక్కి వచ్చాడు. సంగతి విన్నాడు.

"దానికేముంది, రెండు ఓళిగలు పొట్లం కట్టియ్యి. బస్టాండులో రాణికి ఇస్తా. గంటలో మీయక్క నోట్లో ఉంటాది."

సంజీవప్ప ఓళిగల తట్ట వైపు చూశాడు. నేతి వాసన వంటిల్లంతా నిండి ఉంది. అతనికొక నియమం ఉంది. అతిథి కోసం వండినది అతిథి విస్తట్లో పడకముందు ఒక్క ముద్ద కూడా బయటికి పోకూడదు. తాను రుచి కూడా చూడడు, ఉప్పూ కారం వాసన పట్టే తేలుస్తాడు. గుడిలో ప్రసాదానికి పాటించే మడిని తెచ్చి గెస్ట్‌హౌస్ గిన్నెలకు అంటించుకున్నాడు.

"వాళ్లు తినేదాకా ఉండల్లప్పా. ఎంగిలి చేసినట్లైతాది."

"మంత్రులేమన్నా దేవుళ్లా?" సుంకన్న నవ్వి, విజిల్ ఊదుకుంటూ పోయాడు.

దేవుడైతే క్షమించేవాడే. ఆ తట్టలో రెండు తగ్గితే లంకకూ మనకూ యుద్ధం వచ్చేది కాదు. బతుకంతా తల వంచినవాడికి ఆ వంగడమే ధర్మంలా కనిపిస్తుంది. అతని మీద జాలిపడదామంటే ముందు ఒళ్లు మండుతుంది.

అతిథులు రాలేదు. ఎండ నడినెత్తి దాటాక రాజధాని నుంచి కబురొచ్చింది. పరాయి దేశం వాళ్లతో మాట్లాడేది మేము, మీరెవరు అని ఢిల్లీ అడిగిందట. లంక మంత్రులు అసలు విమానమే ఎక్కలేదు. మన మంత్రిగారు తానెవరినీ పిలవలేదని అప్పుడే ప్రకటించేశాడట. సురేంద్ర మాత్రం గేటు దగ్గర విలేకరులను నిలబెట్టి, ఇది తెలుగువాడి ఆత్మగౌరవానికి దెబ్బ అని కాసేపు అరిచాడు. తర్వాత లోపలికి వచ్చి చేతులు కడుక్కున్నాడు.

"వండింది పారేస్తామా? వడ్డించప్పా."

ఆత్మగౌరవం దెబ్బతిన్న వాళ్లందరూ కూర్చున్నారు. చేపల పులుసు, ఓళిగలు ఒకే ఆకులో కలుపుకుని తిన్నారు. "లంకోళ్లకు రుణం లేదబ్బా," అని సురేంద్ర తన ఆకులో మరో రెండు ఓళిగలు వేయించుకున్నాడు. సంజీవప్ప అప్పుడైనా పోవచ్చు. పోలేదు. వడ్డించేవాడు లేడని ఉండిపోయాడు. బాణళ్లు తోమి, పొయ్యి అలికి, తట్ట అడుగున మిగిలిన రెండింటిని ఆకులో చుట్టి, సాయంత్రం బస్సెక్కాడు. ఫోను ఆన్ చేయడం గుర్తే రాలేదు.

ధర్మవరంలో ఆ సందు మొదట్లోనే అతని కాళ్లు ఆగిపోయాయి. ఒక్క మగ్గమూ ఆడటం లేదు. చావు జరిగితే తప్ప ఆ సందులో అన్ని మగ్గాలూ ఒక్కసారి ఆగవు.

రాణి వాకిట్లోకి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఎన్నిసార్లు చేస్తి మామా ఫోను. మధ్యాన్నం బస్సు కూత వినపడగానే, మా వాడొచ్చినాడేమో చూడు పాపా అనె. నేను సందు చివర దాకా పొయ్యొచ్చేసరికి ఊపిరి ఆగిపోయిండె."

"ఏమన్నా... తినిందా?"

"గంజి తెస్తే వద్దనె. కడుపు ఖాళీగా పెట్టుకుంటా, వాడు ఓళిగ తెస్తాడు అనె."

సంజీవప్ప గడపలోనే కూలబడి, చిన్నపిల్లాడిలా గొంతెత్తి ఏడ్చాడు. ఇన్నేళ్లలో అతని నోటి నుంచి అంత పెద్ద శబ్దం ఎవరూ వినలేదు. చేతిలోని ఆకు జారి మెట్టు మీద పడింది. లోపల చాప మీద కొండమ్మకు గడ్డం కట్టి, దీపం పెట్టి ఉంచారు. ఆమె తలాపున, పొద్దున్నే తోమించి పెట్టుకున్న సత్తు పళ్లెం బోర్లించి ఉంది.