మైల సంచి

"ఏమ్మే, మైలనా, మామూలా?"

పెనుకొండలో ప్యాసింజరెక్కి, ధర్మవరంలో దిగి, స్టేషన్ నుంచి ఈడ్చుకుంటూ ఇల్లు చేరితే గడపలో మా అత్త ఆదిలక్ష్మమ్మ అడిగే మొదటి మాట ఇదే. తిన్నావా అని కాదు, కాళ్ళు నొప్పులా అని కాదు. పెనుకొండలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో నేను ఏఎన్‌ఎంని. ఆ రోజు కాన్పు చేసి వచ్చుంటే మైల, లేకుంటే మామూలు. మామూలైతే చెప్పులు విడిచి నేరుగా పొయ్యి దగ్గరికి, అక్కడి నుంచి రాట్నం దగ్గరికి. మైలైతే పక్క సందులోంచి పెరట్లోకి పోయి, తలకి పోసుకుని, తెల్లారేదాకా పొయ్యినీ మగ్గాన్నీ పట్టునూలునూ ముట్టకుండా వెనక వసారాలో పడి ఉండాలి. మగ్గం మీద ఎవరి పెళ్ళి చీరో ఉంటుంది, పురిటి చేతులు తగలకూడదట. నెల జీతం మాత్రం ఆ చేతులతోనే ఇస్తే అత్త కళ్ళకద్దుకునేది. జీతానికి మైల అంటదు. ఏ శాస్త్రంలో రాసుందో, రాసినాయనకి నా దండం.

మా ఆయన కేశవ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడంటే ఇక రాజే. ఆయన నేసే చీరకి రాట్నం మీద పట్టునూలు కండెలు చుట్టేది నేను. తెల్లవారి రైలుకు ముందు కొన్ని, సాయంత్రం వచ్చాక కొన్ని. "కూచోని చేసే పనే గదమ్మే, రైల్లో కూడా కూచోనే వస్తావు" అనేవాడు, నేనేదో రోజంతా పల్లకీలో ఊరేగి వచ్చినట్టు. చీర చూసినవాళ్ళు "కేశవ చెయ్యి చెయ్యే" అని మెచ్చుకునేవాళ్ళు. నా వేళ్ళ సందుల్లో పట్టుపోగు కోసిన గీతలను మెచ్చుకోవడానికి ఏముంది? పెళ్ళై ఇన్నేళ్ళయినా మాకు పిల్లల్లేరు. దానికీ అత్త దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది. "ఊర్లో వాళ్ళ పిల్లోళ్ళనంతా బయటికి లాగుతావు, మా ఇంటికొక్కన్ని తేలేకపోతివి." వీధిలో ఆడవాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే కోడలికి పొగరంటారు.

ఆస్పత్రిలో ఇంకో రకం గడప. అక్కడ కుర్చీ అరుణది. నాకంటే చిన్నపిల్ల, జీఎన్‌ఎం చదివి స్టాఫ్ నర్సుగా వచ్చింది. ఆమెను అందరూ సిస్టర్ అంటారు, నేనూ అంటాను. నన్ను "ఓయమ్మా" అంటారు. డాక్టరమ్మకు కాఫీ కావాలన్నా ఓయమ్మే, బెడ్‌పాన్ తీయాలన్నా ఓయమ్మే. నేను కూర్చునేది ఆయాలతోపాటు బల్ల మీద.

రొద్దం నుంచి ఒకామె తొలి కాన్పుకి వచ్చింది. పొద్దుటి నుంచి నా మణికట్టు వదల్లేదు. "అక్కా, సచ్చిపోతానక్కా, నన్నిడిసి పోవద్దక్కా" అని ఒకటే ఏడుపు. నడుం రుద్దాను, నీళ్ళు తాగించాను, తిట్టాను, బతిమాలాను. బిడ్డ తల కనిపించాక డాక్టరమ్మ, అరుణ వచ్చారు. బిడ్డను తుడిచి, తెల్లగుడ్డలో చుట్టి, బయట కాచుకున్న చుట్టాలకు చూపించింది అరుణ. వాళ్ళు ఆమె చేతిలో మైసూర్‌పాక్ పొట్లం పెట్టి, "సిస్టర్ పేరేమి? పాపకి ఆ పేరే పెడతాము" అన్నారు. ఆ పాప పేరు అరుణ. నేనప్పుడు లోపల రక్తపు దుప్పట్లు బకెట్లో నానేస్తున్నాను. నా మణికట్టు మీద ఆ తల్లి గోళ్ళ గుర్తులు చాన్నాళ్ళున్నాయి. గోళ్ళ గుర్తులకెవరైనా పేరు పెడతారా?

అరుణను తిట్టుకుంటే పాపం. మైసూర్‌పాక్‌లో సగం విరిచి నాకు పెట్టింది. "నువ్వు గూడా జీఎన్‌ఎం చేయరాదా అక్కా? పదోతరగతితో ఆగిపోయినావు గదా, ప్రైవేటుగా ఇంటర్ కట్టు. హిందూపురంలో ట్రైనింగు స్కూలుండాది. మూడేళ్ళు హాస్టల్లోనే ఉండాల. గంట కొడతారు, పోయి కూచుంటే అన్నం పెడతారు" అంది. ఆమె సర్టిఫికెట్ గురించి, సర్కారు ఉద్యోగం గురించి ఇంకా చాలా చెప్పింది. నేను గంట దగ్గరే ఆగిపోయాను.

మామూలైన ఒక సాయంత్రం ఇంట్లో అడిగితే కేశవ మగ్గం ఆపకుండానే తేల్చేశాడు. "ఇప్పుడూ సూది వేస్తాండావు, సదివినాక కూడా సూదే గదా వేసేది? ఇంగ దానికి మూడేళ్ళెందుకు?" ఏమప్పా, నువ్వూ రోజూ నేస్తావు, పక్కింటాయనా నేస్తాడు, నీ చీరకి నీ పేరెందుకు కావాలి అని అడగాలనిపించింది. అడగలేదు. రాట్నం తిప్పాను.

రెండ్రోజులకు మళ్ళీ మైల పట్టింది. పెరట్లో తలకి పోసుకుని, జుట్టు విదిలించుకుంటూ వసారాలో కూర్చున్నాను. అత్త పళ్ళెంలో సంగటి, పప్పు తెచ్చి, ఎడంగా పెట్టి, నా వైపు జరిపింది. లోపల రాట్నం కిర్రుమంది. అత్తే చుడుతోంది. వేడి సంగటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక నాకు ఒకటి తట్టింది. ఈ ఇంట్లో నాకెవరైనా వడ్డించేది మైల పట్టిన రోజే. కాళ్ళు చాపుకునేది మైల పట్టిన రోజే.

మరునాడు నర్సింగ్ హోమ్‌లో ఒక్క కాన్పూ లేదు. అత్త గడపలో అడిగింది. నా నోరు దానంతటదే తెరుచుకుంది. "మైలే అత్తా. కవలలు."

అట్లా మొదలైంది. దేవుడు నా కడుపు సంగతి మర్చిపోయాడు కానీ, నా నాలుక చల్లగా ఉండాలి, దాంతో పెనుకొండ జనాభా అమాంతం పెంచేశాను. అడ్డం తిరిగిన బిడ్డలు, బొద్దు పిల్లలు, వెంట్రుకలతో పుట్టినవాళ్ళు. అత్త ముచ్చటపడి వివరాలడిగేది, నేను వసారాలోంచి చెప్పేదాన్ని. ఆమె లోపలికి పోగానే పుస్తకం తీసేదాన్ని. ఇంటర్ పుస్తకాలు నా డ్యూటీ చీర పెట్టుకునే సంచిలో ఉండేవి. మైల సంచి కదా, ఇంట్లో ఎవరూ దాన్ని వేలితో కూడా తాకేవాళ్ళు కాదు. తాళమేసిన బీరువాకి కూడా అంత భద్రం లేదు. ఇంటర్ గట్టెక్కాను. హిందూపురంలో సీటొచ్చింది. అదే సంచిలో ఒక్కొక్కటే నా చీరలు పోయి పెనుకొండలో అరుణ గదికి చేరాయి. అన్నీ చేరాయి, ఇంట్లో చెప్పే ధైర్యం ఒక్కటే చేరలేదు. రేపు చెబుతాననుకుంటూనే మళ్ళీ "మైలే" అనేదాన్ని.

ఒక సాయంత్రం గడపలో అత్త అడిగింది. "మైలేనత్తా, మొగపిల్లోడు" అన్నాను. అప్పుడు చూశాను, లోపల చాప మీద అత్త చెల్లెలు హనుమక్క కూర్చుని ఉంది. ఆమెది పెనుకొండే.

"యాడ పుట్నాడే ఆ మొగపిల్లోడు, రైల్లోనా?" అని హనుమక్క నవ్వింది. "మా పాపకి నొప్పులొస్తే మీ ఆస్పత్రికే తెస్తిమి. ఆ దినం నువ్వు సెలవంట. డాక్టరమ్మ బెంగుళూరికి పోయినాదంట, నెల్నాళ్ళుగా ఆడ కాన్పులే లేవంటనే!"

మగ్గం ఆగిపోయింది. కేశవ గుంతలోంచి లేచి వచ్చాడు.

"సెలవు పెట్టి యాడికి పోయినావు?"

"హిందూపురం. ట్రైనింగులో సీటొచ్చింది. రేప్పొద్దున చేరాల."

"ఇన్నాళ్ళూ మాతో ఆటలాడుకుంటివా?"

"లేదు. చదువుకుంటి."

అత్త మొహం ఎర్రబడింది. నేను ఎవరితోనో తిరిగి ఉంటే ఆమెకు ఇంత కోపం వచ్చేది కాదేమో. ఇన్ని సాయంత్రాలు ఆమె చేత కండెలు చుట్టించాను, ఆమె చేత వడ్డించుకుని తిన్నాను. "నేను నీకి దాసీదాన్నా? ముసల్దాన్ని, ఏళ్ళు తెగేట్టు నూలు చుట్టి, నీకి సంగటి కెలికి పెడితినే! రోజూ ఈ చాకిరీ ఎవురు చేస్తారే?" అని గుండెలు బాదుకుంది.

నేను ఆమె వేళ్ళ వైపు చూశాను. నా వేళ్ళ మీదున్న గీతలే. నాకంటే ముందునుంచే ఉన్నాయి, ఇప్పుడు కొత్తవి చేరాయి. "అదే అత్తా" అన్నాను, "నేనూ అదే అడుగుతాండా."

హిందూపురం వైపు పోయే రైలుకి ఇంకా టైముంది. నేను చెప్పులు కూడా విడవలేదు, గడపలోనే ఉన్నాను. వెనక్కి తిరిగాను. అత్త ఒక్క అంగలో వచ్చి, నా సంచి లాక్కోబోయింది.

"ముట్టుకోవద్దత్తా, మైల."

చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. అన్నీ తెలిసి కూడా తీసుకుంది. ఆ చేతిని చీరకు తుడుచుకుంటూ, ఎన్నో ఏళ్ళ అలవాటు కొద్దీ మైల లెక్కే అడిగింది.

"ఎన్నాళ్ళే?"

"మూడేళ్ళు."