దానంతటదే కలిసిపోయే రైలు

కొత్త ఇంజను వచ్చేలోపు మా ఇంట్లో చేయవలసిన పనులు ఇవి: బల్ల మీద పరిచిన పాత దుప్పటి తీసేసి చెక్కను తడిగుడ్డతో తుడవాలి. పట్టాల మీది తుప్పును గరుకు కాగితంతో రుద్దాలి. మలుపు దగ్గర ఊగుతున్న పట్టా కింద అట్టముక్క దూర్చాలి. వెలిసిపోయిన స్టేషను బొమ్మకు పసుపు రంగు వేయాలి. ఇంజను కూతకు భయపడుతుందేమో కాబట్టి, పిల్లికి బల్లకింద పడుకునే అలవాటు మాన్పించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, నా కొక్కెం పీకేయాలి.

నేను ఒక రైలుపెట్టెను. జానెడు పొడవుంటాను. నన్ను చేసినవాడు గవరయ్య అనే ఫిట్టరు. విశాఖపట్నంలో, పెట్టెలు బాగుచేసే షెడ్డులో పనిచేసేవాడు. నూనె డబ్బా రేకు కత్తిరించి నా ఒళ్ళు చేశాడు. కిటికీ ఊచలకు సైకిల్ బ్రేకు తీగ వాడాడు. నా లోపలి గోడ మీద ఇప్పటికీ సగం వేరుశనగ కాయ బొమ్మ ఉంటుంది. ముందువైపు ఇత్తడి కొక్కెం, వెనకవైపు ఎత్తి దించే సన్నని లంకె పెట్టాడు. నా తర్వాత ఇంకో రెండు పెట్టెలూ, కీ ఇస్తే నడిచే ఒక ఇంజనూ చేశాడు. ఇంజను లంకె నా కొక్కేనికి, నా లంకె వెనకపెట్టె కొక్కేనికి. రైలంటే అంతే.

కొన్నాళ్ళు మేము ఒక ఆఫీసరు గదిలో అద్దాల బీరువాలో ఉన్నాం. మనుషులకు ఒక చిత్రమైన అలవాటుంది. ఏదైనా బాగా నచ్చితే దాన్ని పనిచేయనివ్వకుండా అద్దాల వెనక పెడతారు. ఆ ఆఫీసరు బదిలీ మీద వెళ్తూ, అదే నెలలో రిటైరవుతున్న దాలినాయుడి చేతిలో మమ్మల్ని పెట్టాడు. శాలువా, పూలదండ, మేము. శాలువా మర్నాడే ట్రంకులోకి పోయింది. మేము మాత్రం కంచరపాలెంలో ఆయన అద్దెకుండే రెండు గదుల ఇంట్లో, ముందుగది బల్ల మీదికి ఎక్కాం.

దాలినాయుడు యార్డులో షంటింగు చేసినవాడు. ఇంజనుకూ పెట్టెకూ మధ్య దూరి, మోయలేని ఇనుప కప్లింగును భుజం ఆనించి ఎత్తి కొక్కేనికి తగిలించడం ఆయన ఉద్యోగం. ఎండలోనూ వానలోనూ ఆయన కట్టి పంపిన బళ్ళు ఏయే ఊళ్ళు చూశాయో ఆయన చూడలేదు. అందుకే మమ్మల్ని గిరగిరా తిప్పడంలో ఆయనకు పెద్ద సరదా ఉండేది కాదు. బండిని విడగొట్టి, వరస మార్చి, మళ్ళీ కట్టడమే ఆయన ఆట. పెట్టె పెట్టెకూ తగులుకున్నప్పుడు చిన్నగా గాలి పీల్చి వదిలేవాడు.

రిటైరైన రెండో ఏడు ఆయన చేతులు వణకడం మొదలుపెట్టాయి. మొదట టీ గ్లాసు, తర్వాత గుండీలు, ఆ తర్వాత మేము. అంత ఇనుము ఎత్తిన చేతులు కొత్తిమీర కాడంత లంకెను ఎత్తలేకపోయాయి. లంకె కొక్కెం మీదికి వచ్చేసరికి వేలు అదిరేది, మేము పట్టాల మీంచి పక్కకు ఒరిగేవాళ్ళం. ఆయన మళ్ళీ నిలబెట్టేవాడు. మళ్ళీ ఒరిగేవాళ్ళం. ఆయన విసుక్కునేవాడు కాదు. అదే నాకు ఎక్కువ బాధగా ఉండేది.

ఒకరోజు ఆయన భార్య నూకరత్నం వంటింట్లో నెత్తళ్ళ చేపలు బాగుచేస్తూ ఈ గొడవంతా వింది. చెయ్యి కడుక్కుని వచ్చి బల్ల పక్కన నిలబడింది.

“ఒగ్గీ మావా. నాను తగిలిస్తాను.”

“నీకేటి తెలుసే కప్లింగు గురించి?”

“తెలీదు. నువ్వు సెప్పు, నాను సేత్తాను. ఇన్నేళ్ళూ మరేటి సేసినాను?”

చేప తల గోటితో గిల్లి తీసే వేళ్ళు అవి. ఒక వేలితో నన్ను కదలకుండా పట్టుకుని, రెండో చేతి గోటితో లంకె ఎత్తి, కొక్కెం మీద దించింది. ఒక్కసారికే తగులుకుంది. నాకు చేపల వాసన అంటుకుంది. దాలినాయుడు గాలి పీల్చి వదిలాడు.

ఆ రోజు నుంచి సాయంత్రం పూట ఆమె స్టూలు తెచ్చుకుని ఆయన పక్కన కూర్చోవడం మొదలైంది. ఆయన వరస చెప్పేవాడు, ఆమె కట్టేది. పెళ్ళయిన నాటి నుంచి ఆయనకు డ్యూటీలే. ఆయన వచ్చేసరికి ఆమె నిద్రలో, ఆమె లేచేసరికి ఆయన యార్డులో. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని ఒకే వస్తువును చూడటం నా ముందే మొదటిసారి జరిగిందని నా నమ్మకం. యార్డులో మంచుకు చేతులు కొంకర్లు పోయిన సంగతులు ఆయన చెప్పాడు. అప్పుడామె, క్వార్టర్సులో ఉన్న రోజుల్లో కుళాయి దగ్గర బిందె పెట్టుకుని, ఆయన పనిచేసే ఇంజను కూత ఏదో గుర్తుపట్టడం నేర్చుకున్నానని చెప్పింది.

“అన్నీ ఒక్కలాగే కూత్తాయి గదే!”

“నీకు ఒక్కలాగే. నాకు కాదు.”

ఆయన నన్ను చూపించి, “సరే, దీన్ని ఆకర్న కట్టు” అన్నాడు.

కొత్త ఇంజను కబురు తెచ్చింది అల్లుడు చిట్టిబాబు. మంచివాడు. మామగారి చేతులు చూసి బాధపడేవాడు. ఒక ఆదివారం ఫోనులో బొమ్మ చూపించాడు. పుణెలో ఎవరో చిన్న కొలతలో కొత్త ఇంజను తయారు చేస్తున్నారట, వానలు వెనకబట్టాక బజారులోకి వస్తుందట.

“దీని కప్లింగు చూడండి మావయ్యా. కొక్కెం లేదు, లంకె లేదు. లోపల అయస్కాంతం. దగ్గరికి తెస్తే చాలు, దానంతటదే తగులుకుంటుంది. చెయ్యి పెట్టక్కర్లేదు. పాత పెట్టెలకు అతికించుకోవడానికి అయస్కాంతాలు కూడా ఇస్తారు.”

దాలినాయుడు భూతద్దం తెప్పించి ఫోను మీద పెట్టి చూశాడు. “చెయ్యి పెట్టక్కర్లేదా?” అని రెండుసార్లు అడిగాడు.

నూకరత్నం కూడా వంగి చూసింది. “ఎవులూ కలపకుండానే కలిసిపోద్దా? పెళ్ళిసూపులు కూడా ఉండవేటి బాబూ?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాననే అనుకుంటున్నాను. నిజం చెప్పాలంటే నాకూ ఆశ కలిగింది. నా కొక్కెం అరిగిపోయింది, లంకె ఒకవైపు వంగింది. ఫోనులో ఆ ఇంజను ముందుభాగం నున్నగా, ఏమీ పొడుచుకురాకుండా ఎంత బాగుందో! నాకూ అలాంటి ముఖం వస్తుందని రోజూ అనుకునేవాడిని.

వానలు వచ్చాయి, వెళ్ళాయి. ఇంజను రాలేదు. ఏవో మార్పులు చేస్తున్నారని కబురు. దాలినాయుడు ప్రతి ఆదివారం అల్లుణ్ణి అడిగేవాడు. సాయంత్రం నూకరత్నం మమ్మల్ని కడుతుంటే, కొత్తది వచ్చాక ఎలా ఉంటుందో చెప్పేవాడు. “నీకీ బాద తప్పిపోద్ది. నువ్వు అలా కూకుని సూడొచ్చు.”

“బాదని నానెప్పుడన్నాను?” అని ఆమె అడిగింది. ఆయన అప్పటికే భూతద్దం తుడుచుకుంటున్నాడు.

చివరికి ఇంజను వచ్చింది. నీలం రంగు, గోధుమ చార. దానితో ఒక చిన్న పొట్లంలో మినపగింజలంత అయస్కాంతాలు. ప్రతిదానికీ ఒక పక్క తెల్ల చుక్క. చుక్కలన్నీ ఇంజను వైపే ఉండాలని, తిరగబడితే కలవడం మాని ఒకదాన్నొకటి తోసుకుంటాయని చిట్టిబాబు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. కటింగ్ ప్లయరుతో మా కొక్కేలు, లంకెలు కత్తిరించాడు. పని తొందరలో ఉన్నవాడు. జిగురు సీసా ఇచ్చి వెళ్ళిపోయాడు.

అతికించడం నూకరత్నం వంతు అయింది. ఆయన చేతులతో అయ్యే పని కాదు. ఆయన కళ్ళజోడు వెతుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు. వెనక రెండు పెట్టెలకూ ఆమె చకచకా పెట్టేసింది. తర్వాత నన్ను ఎత్తింది. ఇంజనుకు తగలవలసింది నేనే. అయస్కాంతాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని తెల్ల చుక్కను చూసింది. పక్కనున్న స్టూలును చూసింది. నెమ్మదిగా దాన్ని తిప్పి, చుక్క లోపలికి పోయేలా నా ముఖానికి అద్దింది.

అది పొరపాటు కాదు. ఆ వేళ్ళు నాకు తెలుసు.

దాలినాయుడు వచ్చి, ఇంజనును నడపడానికి దానితోపాటే వచ్చిన, చేతిలో ఇమిడే డబ్బా మీది బొత్తం తిప్పాడు. ఇంజను నా వైపు వచ్చింది. అది దగ్గరికి రాగానే నేను వెనక్కి జరిగాను. ఇంకా వచ్చింది. ఇంకా జరిగాను. కొత్తకోడలు మొదటిసారి అత్తగారిని చూసి వెనక్కి తగ్గినట్టు బల్ల చివరిదాకా పోయాను.

“మెల్లగా తిప్పు మావా.”

“మెల్లగానే తిప్పుతున్నానే.”

మళ్ళీ తిప్పాడు. చెయ్యి వణికింది, ఇంజను కుదుపులు కుదుపులుగా వచ్చింది. నేను పారిపోయాను. ఆయన బొత్తం వైపు చూసుకున్నాడు, తర్వాత తన చేతివైపు. అయస్కాంతం తిరగబడి ఉంటుందన్న మాట ఆయనకు తట్టనే లేదు. ఆమె చేసిన పనిలో తప్పుంటుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు మరి.

“నానుండగా నీకేటి? నాను పట్టుకుంటాను, ఒగ్గీ” అని ఆమె ముందుకు వంగింది.

“ఒద్దులే.” ఆయన డబ్బాను బల్ల మీద పెట్టేశాడు. “దానంతటదే తగులుకునేదాన్ని కూడా నాను తగిలించలేపోనాను. ఇంకెందుకే ఈ సేతులు? ఎత్తి అటక మీద పడీ.”

వీధి గుమ్మంలోకి వెళ్ళి అటు తిరిగి కూర్చున్నాడు. నూకరత్నం చేతులు గాల్లోనే ఆగిపోయాయి. అన్నానికి పిలిచింది. ఆయన వచ్చి తిన్నాడు, లేచి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్న ఆయన పాలకు వెళ్ళినప్పుడు ఆమె నన్ను ఒళ్ళో పెట్టుకుంది. జడపిన్ను కొసతో అయస్కాంతాన్ని పెకలించింది. నా రంగు కాస్త లేచింది. చుక్కను బయటికి తిప్పి మళ్ళీ అతికించి, బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకుంది. జిగురు ఆరినా తీయలేదు.

“నువ్వేటీ సెప్పకు” అంది నాతో. నేను చెప్పగలిగినట్టు!

ఆయన వచ్చాక, “ఇంకోపాలి తిప్పు సూద్దాం మావా. రాత్రి జిగురు ఆరనట్టుంది” అంది.

“ఎందుకులే.”

“నా మాట కోసం తిప్పు.”

తిప్పాడు. ఇంజను వచ్చింది. ఈసారి దాన్ని చూడగానే నా ఒళ్ళు ముందుకు లాగేసింది. టక్. అంతే. నా వెనక ఇంకో టక్, ఇంకో టక్. బండి దానంతటదే కట్టుకుంది.

“ఒలే! సూసినావా? ఎవులూ ముట్టుకోలేదు! సూసినావా?”

“సూసినాను” అంది నూకరత్నం.

ఆ సాయంత్రం ఆమె అలవాటుగా స్టూలు లాక్కుని కూర్చుంది. నేను మలుపులో ఆగిపోతే సాయంగా వేలు చాపింది. “ఒద్దొద్దు! సెయ్యి పెట్టకు, దానంతటదే వత్తాది” అన్నాడాయన సంతోషంగా. ఆమె వేలు వెనక్కి తీసుకుంది. కొన్నాళ్ళు ఊరికే కూర్చుని చూసింది. తర్వాత కూరలు తరిగి తెచ్చుకుని కూర్చుంది. తర్వాత కూరలు వంటింట్లోనే తరుగుకుంది. స్టూలు మీద ఇప్పుడు ఇంజను వచ్చిన అట్టపెట్టె ఉంది.

దాలినాయుడు చెడ్డవాడు కాదు. ఆయన ముఖంలో వెలుగు తిరిగి వచ్చింది, అది నేను కాదనలేను. పక్కింటివాళ్ళు, పాత యార్డు స్నేహితులు వస్తారు. ఆయన బొత్తం తిప్పి చూపిస్తాడు. అయస్కాంతాన్ని మెచ్చుకుంటారు, పుణెవాళ్ళను మెచ్చుకుంటారు, అల్లుణ్ణి మెచ్చుకుంటారు. నా నున్నని ముఖాన్ని కూడా మెచ్చుకుంటారు. నేను కోరుకున్న ముఖమే ఇది. దీన్ని ఎవరూ పట్టుకోవలసిన పని లేదు. ఎవరూ పట్టుకోరు. లోపలి గదిలోంచి పళ్ళెంలో టీలు వస్తాయి.

ఆయనకు ఒక్క మాట చెప్పగలిగితే బాగుండునని ప్రతిరోజూ అనుకుంటాను. రేకుతో చేసిన పెట్టెను, నాకు నోరు లేదు. అందుకే మీకు చెబుతున్నాను. మనుషులు చనిపోయినవాళ్ళను గుర్తుపెట్టుకోవడంలో చాలా శ్రద్ధగా ఉంటారు. నేనడిగేది అది కాదు. ఆమె బతికే ఉంది, గోడకు అవతలే ఉంది, ఈ క్షణంలో స్టవ్ దగ్గర నిలబడి టీ మరిగిస్తూ ఉంది. ఆమె పేరు నూకరత్నం. గుర్తుపెట్టుకోండి.