సార్ మీటింగ్‌లో ఉన్నారు

సిరిసిల్లలో వరద నీళ్లు సాంచాల కిందికి వచ్చి నిలిచిన ఏడు అది. సాంచాలంటే అక్కడి మరమగ్గాలు. నీళ్లు పోయాయి గానీ తుప్పు పోలేదు. సేటు సాంచాలను పాత ఇనుము కింద తూకానికి వేసి, మళ్లీ పిలుస్తానని అందరినీ ఇంటికి పంపాడు. అట్లా ఇంటికి వచ్చిన వాళ్లలో కొడిమ్యాల నరేశ్ ఒకడు.

నరేశ్‌ది కల్లుగీత ఇల్లు. తాత తాడిచెట్టు ఎక్కాడు. తండ్రి ఎక్కి పడ్డాడు. నరేశ్‌కు మాత్రం కింద నిలబడి పైకి చూసినా కళ్లు తిరిగేవి. సాంచాలకు పోకముందు మస్కట్ పోయి సిమెంటు బస్తాలు మోశాడు. ఒకనాడు ఎండకు పడిపోతే తీసుకుపోయి ఆఫీసు గదిలో పడుకోబెట్టారు. అక్కడ చూశాడు ఆ మనిషిని. మెడకు టై, ముందర ఫోను, నెత్తి మీద చల్లగాలి. వచ్చిన వాళ్లకు ఒకే మాట చెప్పి తిప్పి పంపడం, అంతే ఆయన కష్టం. ఆనాటి నుంచి నరేశ్‌కు కొండగట్టు అంజన్న తర్వాత దేవుడంటే ఆ టై మనిషే.

ఆ దేవుడిలా మారే దారి కోరుట్లలో ఉందని తెలిసింది. కింద మిఠాయి దుకాణం, పైన జగపతి రావు సంస్థ. కింద లడ్డూలు చుడతారు, పైన అంతర్జాతీయ ఆఫీస్ అసిస్టెంట్లను తయారుచేస్తారు. గల్ఫ్‌కు మనుషుల్ని పంపేదీ రావే, పంపే ముందు చెక్కి నున్నగా చేసేదీ ఆయనే. దొరల ఇంటివాడు. దొరల కోట, ఆ గడి, ఎప్పుడో కూలింది గానీ, గడి ముందర జనాన్ని నిలబెట్టే విద్య ఆ ఇంట్లో చెక్కుచెదరలేదు. ఇప్పుడు దానికి సర్టిఫికెట్ పెట్టాడు.

"సర్టిఫికెట్ ఉంటే ఆఫీసు వీసా, లేకుంటే సిమెంటే" అన్నాడు రావు. నరేశ్ చేరిపోయాడు.

టైపింగ్ నేర్పారు, ఫైళ్లు కట్టడం నేర్పారు. అసలు పాఠం మాత్రం రావు స్వయంగా చెప్పేవాడు.

"ఎవడచ్చినా సార్ మీటింగ్ల ఉన్నరనాలె. సార్ పండుకున్నా మీటింగే. సార్ బజ్జీలు తిన్నా మీటింగే. సమఝైందా?"

నరేశ్‌కు అన్నీ వచ్చాయి గానీ ఒక జబ్బు పోలేదు. ఫోను ఎత్తితే చాలు, "ఎవ్వూరన్న మీది? తిన్నరా?" అనేవాడు.

"ఊరెందుకురా నీకు? పిల్లనిస్తవా?" అనేవాడు రావు. క్లాసంతా నవ్వేది.

ఇంట్లో భార్య రజని బీడీలు చుడుతూ మొగుడి పాఠం వినేది. "సారు లేడని చెప్పుడు నేర్వనీకి బస్సెక్కి కోరుట్ల పోవాల్నా? మా అన్న అచ్చినప్పుడల్లా నువ్వు ఇంట్ల లేవని నాతోని చెప్పిస్తవు గద. ఆ సర్టిఫికెటేదో నాకే ఇయ్యిమను."

పరీక్ష రోజు వచ్చింది. రావు లోపలి గదిలో తలుపు వేసుకుంటాడు. బయట బల్ల దగ్గర కూర్చున్నవాడు వచ్చిన మనిషిని లోపలికి పోనీయకుండా తిప్పి పంపాలి. మిగతా వాళ్లకు పని మీద వచ్చినట్టు నటించే మనుషుల్ని పంపి పరీక్ష పెట్టారు. నరేశ్ వంతు వచ్చేసరికి నిజం మనిషే మెట్లెక్కి వచ్చింది. జగిత్యాల అవతలి పల్లె సత్తవ్వ. ఆమె కొడుకు రాకేశ్‌ను ఆఫీసు పనికని రావే మస్కట్ పంపాడు. బతుకమ్మ పండుగ నాటి నుంచి కొడుకు ఫోను లేదు. ఆమె రావడం, వీళ్లు తిప్పి పంపడం అప్పటి నుంచీ నడుస్తూనే ఉంది.

రావు తలుపు సందులోంచి తల పెట్టాడు. "మంచిగైంది. గా ముసల్దాన్ని తిప్పి పంపు, సర్టిఫికెట్ మీద సంతకం పెడ్త" అని తలుపు మూసుకున్నాడు.

నరేశ్ టై సర్దుకున్నాడు. "సార్ మీటింగ్ల ఉన్నరు" అన్నాడు. మస్కట్ మనిషి కూడా అంత చక్కగా అనలేడు.

"ఉండనీ కొడుకా" అని సత్తవ్వ కింద కూర్చుంది. "ఎప్పుడచ్చినా గదే మీటింగాయె. మా ఊరి జాతర గూడ గిన్ని దినాలు నడువది."

నరేశ్ పళ్లు బిగించాడు. కానీ జబ్బు జబ్బే. "ఎవ్వూరవ్వ నీది? తిన్నవా?" అని నోరు జారింది.

"యాడ తింట? పొద్దుగాల్ల బస్సెక్కిన."

ఇక అయిపోయింది. దూపకు గొంతెండి చెట్టు కిందికి వచ్చిన మనిషిని ఉత్తగా పంపితే ఆ చెట్టుకు మళ్లీ కల్లు పారదని నరేశ్ తాత అనేవాడు. చెట్టెక్కే ధైర్యం మనవడికి రాలేదు గానీ ఈ మాట మాత్రం వచ్చింది. అడగకుండా ఉంటే పంపేవాడేమో. అడిగాక, తినలేదన్నాక, పంపే దారి లేదు. లేచి తలుపు తీశాడు.

రావు నోట్లో సగం బజ్జీ ఉంది.

"సార్, మీటింగ్ సల్లారిపోతున్నట్టుంది. అవ్వకు గూడ రెండియ్యుండ్రి" అని సత్తవ్వను కుర్చీలో కూర్చోబెట్టాడు. బజ్జీ మింగితే తప్ప తిట్టు బయటికి రాదు. ఆ సందులో నరేశ్ గోడ మీద రాసి ఉన్న నంబరు చూసి, రాకేశ్ పోయిన మస్కట్ కంపెనీకి ఫోను కలిపాడు.

"సర్ ఈజ్ ఇన్ ఎ మీటింగ్" అంది అవతలి గొంతు. అదే పలుకు, అదే సాగదీత. రావు నేర్పిన పాఠమే.

"ఎవ్వూరన్న నీది?" అన్నాడు నరేశ్.

అవతలి గొంతులో సాగదీత పోయింది. తర్వాత చిన్నగా, "మెట్‌పల్లి" అని వినిపించింది.

"తిన్నవా?"

"యాడ తింటనన్న. సారు తినేదాంక లేవద్దు."

"మా అవ్వ కొడుకు రాకేశ్ అని, మీ కాడనే ఉన్నడు."

"రాకేశా? క్యాంపుల ఉన్నడన్న. బస్తా మీద వడి కాలిరిగింది. ఫోను కంపెనోళ్లు గుంజుకున్నరు. పొద్దూకినంక పోయి నా ఫోన్ల మాట్లాడిపిస్త. అవ్వ నంబరియ్యి."

"ఆఫీసు పనికని పోయిండు గద. సర్టిఫికెట్ లేదా?"

అవతలివాడు నవ్వాడు. "అందరికున్నదన్న సర్టిఫికెట్. కుర్చీ ఒక్కటే ఉన్నది, దాంట్ల నేను కూసున్న. మిగిలినోళ్లంత సిమెంటు కాడ్నే."

నరేశ్ రాకేశ్ కాలు సంగతి చెప్పి ఫోను సత్తవ్వ చేతికిచ్చాడు. "కాలొక్కటేనా కొడుకా ఇరిగింది? పానం మంచిగనే ఉన్నదా?" అని ఆమె అడిగిందే అడిగింది.

రావు బజ్జీ మింగాడు. "నువ్వు ఫెయిల్."

"గట్లనే సార్" అన్నాడు నరేశ్.

ఇంటికి పోతే రజని బీడీల చాట పక్కన పెట్టి చూసింది. "ఫెయిలైనవా? సారు లేడని చెప్పుడు గూడ రాదా నీకు?"

"అస్తది" అన్నాడు నరేశ్.

తెల్లవారి ఇస్త్రీ అంగీ తొడిగి, టై కట్టుకుని, మొదటి బస్సుకు కోరుట్ల పోయాడు. మిఠాయి దుకాణంలో కుర్చీ అడిగి మెట్ల మొదట్లో వేసుకుని కూర్చున్నాడు. ప్లాస్టిక్ కవర్లలో పదో తరగతి మెమోలు పెట్టుకుని ఇద్దరు కొత్తగా చేరడానికి వచ్చారు.

"సార్ మీటింగ్ల ఉన్నరు" అన్నాడు నరేశ్.

"ఎప్పుడైతదన్న?"

"ఎప్పటికి గాదు. ఎవ్వూరు తమ్మీ మీది? తిన్నరా?"