డోలీలో గుమ్మడికాయలు

చిట్టెమ్మ నోరు తెరిస్తే ఈతగెడ్డలో కోళ్ళు కూడా గంప కిందికి దూరతాయని ఆవిడ తమ్ముడు గాసి అంటాడు. అందులో అతిశయోక్తేమీ లేదు. టైడా పైన కొండ మడతలో ఉన్న చిన్న ఊరది. ఈ చివర చిట్టెమ్మ తిట్టడం మొదలెడితే ఆ చివర కాఫీ పళ్ళు కోసేవాళ్ళు తలెత్తి, "ఇయ్యాల ఎవుడి వంతో" అనుకుంటారు. అంత నోరున్న మనిషికీ ఒక్క మాట తలుచుకుంటే గొంతు పెగిలేది కాదు. ఏడేళ్ళ కిందట మరియతల్లికి తానిచ్చిన మాట అది.

అదెలా ఇచ్చిందో ముందు చెప్పాలి. వానాకాలం. కూతురు నిర్మలకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. రోడ్డు లేని ఊరికి జీపెలా వస్తుంది? వెదురు బొంగుకి దుప్పటి కట్టి డోలీ చేశారు. నిర్మలని అందులో పడుకోబెట్టి, ముందు గాసీ, వెనక నిర్మల మొగుడు సోములూ భుజాలకెత్తుకున్నారు. పక్కన గొడుగు పట్టుకుని చిట్టెమ్మ పరుగు. డోలీ మోసేవాళ్ళకి ఓ పద్ధతుంది. వెనకవాడికి దారి కనబడదు గనక ముందువాడు "రాయుందీ!" అని కేకెయ్యాలి, వెనకవాడు "ఇన్నానూ!" అని బదులివ్వాలి. దించేది ఆసుపత్రి దగ్గరైనా, జీపు దగ్గరైనా, రోడ్డు పక్కన బురదలోనైనా సరే, ముందువాడు "ఇల్లొచ్చింది, దించు" అనే అనాలి. లోపలున్న రోగికి ధైర్యంగా ఉంటుందని పెద్దలు పెట్టిన మాట.

గెడ్డ మధ్యకి వచ్చేసరికి నీళ్ళు నడుం దాకా ఉన్నాయి. అప్పటిదాకా మూలుగుతున్న నిర్మల ఉలుకూ పలుకూ లేకుండా అయిపోయింది. చిట్టెమ్మ గొడుగు నీళ్ళలో వదిలేసి రెండు చేతులూ ఎత్తి అరిచింది.

"అమ్మా మరియతల్లీ! తల్లినీ బిడ్డనీ నాకిచ్చీ. ఆ బిడ్డని పేటలో నీ పెద్దగుడికి తోలుకొత్తాను. బండెక్కదు, భుజమెక్కదు, డోలీ ఎక్కదు. దాని కాళ్ళతోనే నీ మెట్లెక్కుతాది. మాటంటే మాట!"

తల్లీ బతికింది, బిడ్డా బతికింది. ఆడపిల్ల. సోఫియా అని పేరు పెట్టారు. ఎడమ పాదం మాత్రం లోపలికి తిరిగిపోయి పుట్టింది.

కాళ్ళ మీద మొక్కుకుంటే పాదమే వంకరొచ్చిందని చిట్టెమ్మ ఎంత కుమిలిపోయిందో ఆవిడకే తెలుసు. పెద్దాసుపత్రి డాక్టరమ్మ భయపడొద్దంది. పిండికట్టు వేసి, విప్పి, మళ్ళీ వేసి, ఆ తర్వాత బూట్లు తొడిగి, ఆ పాదాన్ని దారికి తెచ్చారు. కానీ కట్టు మార్చాలన్నప్పుడల్లా కొండ దిగాలి కదా? మళ్ళీ డోలీయే గతి. ఊయల్లో కన్నా డోలీలోనే ఎక్కువ పెరిగింది ఆ పిల్ల. నడక వచ్చాక కూడా ఊళ్ళో పిల్లలు "డోలీ గుంటా" అని పిలిచేవారు; గుంటంటే ఆ వైపు ఆడపిల్ల. పిలిచినవాళ్ళని సోఫియా కరిచేది. నోరు అమ్మమ్మది, పళ్ళు సొంతం.

ఏటా డిసెంబరులో మరియతల్లి పండుగకి కొండ మీది క్రైస్తవులు కిందున్న పేట దాకా నడిచి వెళ్తారు. మూడు రోజుల దారి. పేట పెద్దగుడంటే బిషప్ గారి కతీడ్రల్. ఎప్పుడో ఫ్రాన్సు దేశం నుంచి వచ్చిన ఫాదర్లు రాతితో, సున్నంతో కట్టించారట. ఈ ఏడు సోఫియా తనంతట తానే వచ్చి, "అమ్మమ్మా, నానూ వత్తాను. నీ మొక్కు తీర్సీద్దాం" అంది.

అంతే, ఊరంతా చిట్టెమ్మ మీద పడింది. ఉపదేశి వరప్రసాదం గారు ఇంటికే వచ్చేశారు. ఫాదర్ గారు నెలకోసారి కొండెక్కుతారు. మిగతా రోజుల్లో ఆ ఊరికి ప్రార్థనలు చెప్పేదీ, పాటలు నేర్పేదీ ఈయనే.

"మరియతల్లి ఏమైనా షావుకారా చిట్టెమ్మా, మాట తప్పితే పీక పట్టుకోడానికి? పిల్లని జీపులో తీసుకెళ్దాం. ఫాదర్ గారితో నేను చెప్తాను" అన్నారు.

"మీరు సదువుకున్నోరు బాబూ, ఎన్ని మాటలైనా సెప్పగలరు. నాకున్నది ఒకటే మాట" అంది చిట్టెమ్మ.

ఆయన తల పట్టుకుని వెళ్ళిపోయారు. అందరి ముందూ అంత గొప్పగా అన్న మనిషి, పొద్దు వాలకుండానే గాసిని పొయ్యి దగ్గరికి పిలిచి, "డోలీ కూడా కట్టు. దారిలో గుంట కూలబడిపోతే ఏటి సేత్తాం?" అని గుసగుసలాడింది.

"మాటంటే మాటన్నావు కదప్పా?"

"నోర్మూసుకుని కట్టు."

కట్టడమైతే కట్టాడు. కానీ ఖాళీ డోలీ దారెమ్మట మనిషిని వెతుక్కుంటుందని ఆ ఊరి నమ్మకం. రోగిని దింపి తిరిగొచ్చేటప్పుడు కూడా ఓ రాయో, రెండు కొమ్మలో వేసుకునే వస్తారు. ఈ ఒక్క విషయంలో ఉపదేశి గారు కూడా బైబిలు తెరవరు. అందుకని ఊరివాళ్ళు గుడికివ్వాల్సిన కానుకలన్నీ అందులో వేశారు: గుమ్మడికాయలు, కొర్రల మూట, అల్లం, కొత్త మిరియాలు. చూసినవాళ్ళకి భక్తిలా ఉంది. చిట్టెమ్మ కడుపులో మాత్రం పిడికెడు సిగ్గు కూర్చుంది.

బయల్దేరే పొద్దున మంచు ఎంత దట్టంగా ఉందంటే ముందున్న సిలువ తప్ప మోసేవాడు కనబడలేదు. సోఫియా డోలీ చుట్టూ ఓసారి తిరిగింది.

"గుమ్మడికాయలకి డోలీ ఎందుకు, అమ్మమ్మా? కావిడుంది కదా?"

"నడవ్వే బేగి. పెద్ద ఆరిందా."

పిల్ల అమ్మమ్మని ఎగాదిగా చూసి ముందుకి నడిచింది. దానికి అంతా అర్థమైపోయిందని చిట్టెమ్మకి తెలిసిపోయింది. ఆ రోజంతా సోఫియా డోలీకి ముందే నడిచింది తప్ప, ఒక్కసారైనా దాని పక్కకి రాలేదు.

ఘాట్ దిగుతుంటే జపమాల చెప్పుకున్నారు, పాటలు పాడుకున్నారు. కింద సొరంగంలోంచి రైలు కూతేస్తూ బయటికొస్తే పిల్లలంతా చేతులూపారు. అరకు నుంచి దిగుతున్న కారొకటి ఆగి, అందులోని ఆవిడ, "అయ్యో, చిన్న పిల్ల! మేం దింపుతాం, ఎక్కమ్మా" అంది. సోఫియా ఆవిడ వంక చూసి, "మీరే దిగి మాతో రండి. పులిహోర ఉంది" అంది. కారావిడ నవ్వి ఓ అరటిపళ్ళ హస్తం ఇచ్చి పోయింది. నిర్మల సిగ్గుతో తల దించుకుంది. సోములు మాత్రం కూతురి వైపు చూస్తూ, భుజం మీది బరువు మరిచిపోయాడు.

రెండో రోజు మధ్యాహ్నానికి సోఫియా నడక మారింది. ఎడమ కాలు ఈడ్చడం మొదలుపెట్టింది. బూటు విప్పించి చూస్తే మడమ దగ్గర పెద్ద పొక్కు, చిట్లి ఎర్రగా ఉంది. చిట్టెమ్మ ప్రాణం గిలగిల్లాడింది. ఇంత కష్టపడి డాక్టరమ్మ నిలబెట్టిన పాదాన్ని నా నోటితో నేనే పాడుచేస్తున్నానా అనుకుంది. రేపు ఈ పిల్ల పెద్దదై, "మా అమ్మమ్మ మాట కోసం నా కాలు పోయింది" అంటే ఏ మొహం పెట్టుకుని వింటాను? ఆ తలపుకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"గాసీ, డోలీ దించు. గుంటనెక్కించు. పాపమో పుణ్యమో నా నెత్తిన" అంది గట్టిగా, అందరూ వినేలాగే.

సోఫియా రాయి మీద కూర్చుని అమ్మమ్మ చీర కొంగు పట్టుకుని చింపింది. అవును, అడక్కుండానే పర్రున చింపింది. ఆ గుడ్డ మడమకి చుట్టుకుని, బూటు తొడుక్కుని లేచింది.

"నానెక్కితే గుమ్మడికాయల్ని నడిపిత్తావేటి?"

ముందు గాసి నవ్వాడు. ఆ తర్వాత ఉపదేశి గారు. ఆఖరికి నిర్మల కూడా ఏడుస్తూనే నవ్వింది. పిల్ల అప్పటికే నాలుగు బారలు ముందుకెళ్ళిపోయింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండిపిల్ల సంగతి చెప్పాలా?

ఆ నవ్వుల్లో ఎవరూ గమనించలేదు గానీ, చిట్టెమ్మ కూడా కుంటుతోంది. ఘాట్ దిగుతున్నప్పుడే కుడి మోకాలు కలుక్కుమంది. పిల్ల కాలు చూడాల్సినవాళ్ళు తన కాలు చూస్తారని ఎవరికీ చెప్పలేదు. పళ్ళు బిగబట్టి నడిచింది. సాయంత్రానికి మోకాలు కుండలా ఉబ్బింది. చీర జారవిడుచుకుని కప్పేసింది.

మూడో రోజు పేటలో అడుగుపెట్టేసరికి పెద్దగుడి గంటలు మోగుతున్నాయి. సందు మలుపు తిరగ్గానే కతీడ్రల్ ఎదురుగా నిలబడింది. రెండు గోపురాలు, నడుమ నీలం బట్టల్లో మరియతల్లి, తలుపు దాకా రాతి మెట్లు. మెట్ల మీదా, కిందా ఇసకేస్తే రాలని జనం. పూజ మొదలైపోయింది. లోపలి పాట మైకుల్లో వీధంతా వినబడుతోంది.

"వచ్చీసినామే సోపీ! ఎక్కవే తల్లీ!" అంటూ చిట్టెమ్మ మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. మోకాలు మడతపడిపోయింది. అక్కడే కూలబడింది. లేవబోతే ప్రాణం పోయినంత పనైంది. నిర్మల చీర ఎత్తి చూసి, "ఓలమ్మా! ఈ కాలేసుకుని నడిసినావేటే!" అని గుండె బాదుకుంది.

"నా గోల ఒగ్గీండి. సోపీ, నువ్వెక్కు. నానిక్కడ కూకుని సూత్తాను. నువ్వెక్కితే మొక్కు తీరిపోయినట్టే."

సోఫియా రెండు మెట్లెక్కి ఆగింది. వెనక్కి తిరిగింది.

"తోలుకొత్తానన్నావు కదా నువ్వు? నువ్వు నేకుండా నానెక్కను."

"ఎక్కవే, గుంట ముండా!"

"ఎక్కను."

పిల్ల కిందికి దిగొచ్చి, నడుం మీద చేతులేసుకుని, "గాసి తాతా, గుమ్మడికాయలు దించు" అంది.

చిట్టెమ్మకి విషయం తెలియడానికి ఓ క్షణం పట్టింది. తెలిశాక పేట పావురాలన్నీ లేచిపోయేలా అరిచింది. "సచ్చినా ఎక్కను! డోలీ ఎక్కనని మొక్కుకున్నాను!"

"డోలీ ఎక్కదని మొక్కింది నా గురించి. నీ గురించి కాదు."

గాసి అప్పుడే గుమ్మడికాయలు తీసి పంచేస్తున్నాడు. అందరికన్నా పెద్దది ఉపదేశి గారి నెత్తికెక్కింది. కొర్రల మూట నిర్మల చంకలోకి పోయింది. ఎవరికి దొరికింది వాళ్ళు పట్టుకున్నారు. నలుగురు కలిసి చిట్టెమ్మని ఎత్తి దుప్పట్లో కూర్చోబెట్టారు. గాసి ముందు, సోములు వెనక. "అప్పా, నువ్వు తిట్టే తిట్లు దించేసి ఎక్కితే కాస్త తేలిగ్గుండేది" అన్నాడు గాసి, బొంగు భుజానికెత్తుకుంటూ. సోములు మాత్రం, "అత్తా, బొంగు గట్టిగా పట్టుకో" అని మెల్లిగా అన్నాడు.

గాసి కేక పెట్టబోయాడు. కానీ ఆ కేక అతని ముందు నుంచి వచ్చింది.

"మెట్టుందీ!"

సోఫియా. డోలీకి ముందు, ఒక్కో మెట్టూ తన కాళ్ళతో ఎక్కుతూ. గాసి తన కేక మింగేసి దాని వెనకే అడుగేశాడు. వెనక నుంచి సోములు, "ఇన్నానూ!" అన్నాడు.

"ఇంకో మెట్టుందీ!"

"ఇన్నానూ!"

ఈసారి ఈతగెడ్డ వాళ్ళంతా కలిసి అన్నారు. ఎన్ని దారుల్లో, ఎన్ని వానల్లో ఆ పిల్ల దుప్పటి లోపల పడుకుని ఆ కేకలు విందో! ఇప్పుడు ముందుండి తానే దారి చెబుతోంది. జనం తమంతట తామే రెండుగా చీలిపోయారు. తలుపు దగ్గర రిబ్బను పెట్టుకున్న ఓ వాలంటీరు అడ్డమొచ్చి, "పేషెంటుని ఇటు తేకూడదండీ, ఆసుపత్రి వెనక వీధిలో ఉంది" అన్నాడు.

డోలీలోంచి చిట్టెమ్మ తల పైకెత్తింది. "జబ్బు కాదు నాయనా, మొక్కు! తప్పుకో!"

తప్పుకోక ఏం చేస్తాడు?

లోపల కానుకల పాట నడుస్తోంది. రంగుటద్దాల వెలుగు నేల మీద పడుతోంది. ఆ పొడవాటి నడవలో ముందు సోఫియా, వెనక డోలీ, ఆ వెనక గుమ్మడికాయలు, కొర్రలు, అల్లం. పిల్ల కుంటుతోంది. కుంటుతూనే తలెత్తుకుని నడుస్తోంది. మైకు ముందున్న పాటగాళ్ళు ఆ వింత చూస్తూ కూడా పాట ఆపలేదు, ఇంకాస్త గొంతు పెంచారు. బలిపీఠం ముందు బిషప్ గారు లేచి నిలబడి ఎదురుచూస్తున్నారు.

మరియతల్లి స్వరూపం ముందుకి వచ్చి సోఫియా ఆగింది. వెనక్కి తిరిగి, గుడంతా వినబడేలా కేకేసింది.

"ఇల్లొచ్చింది! దించు!"

గాసీ, సోములూ డోలీని నేలకి దించారు. చిట్టెమ్మ దుప్పట్లో కూర్చునే ముందుకి వంగి, పిల్ల బూట్లు రెండూ విప్పింది. తన చీర కొంగు చుట్టుకున్న ఆ ఎడమ పాదాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని మరియతల్లికి చూపించింది.

"ఇదిగో తల్లీ. తోలుకొచ్చినాను" అంది ఏడుస్తూ.

"ఎవులు ఎవుల్ని తోలుకొచ్చినారప్పా?" అన్నాడు గాసి కళ్ళు తుడుచుకుంటూ.

చిట్టెమ్మ మనవరాలి వంక చూసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి తమ్ముడికి ఎదురు చెప్పలేదు.

"ఇదే నన్ను తోలుకొచ్చింది" అంది.